ఒంట్లో బాగోలేదని ఒక ఫోను

మంగళవారం పొద్దున లీలారాణి పులిహోరలో నిమ్మరసం పిండుతుండగా మేడమీద బాత్రూములో మూడోసారి నీళ్ళు వదిలిన చప్పుడైంది. చెయ్యి ఆపి చెవి ఒగ్గింది. నీళ్ళ తర్వాత కుళాయి, కుళాయి తర్వాత మళ్ళీ డోకు.

"ఏవండీ, మీ చెల్లెలు లేచిందా, అసలు పడుకోలేదా?"

యెషయా మెట్ల మీద కూర్చుని బూట్లకు లేసులు కట్టుకుంటున్నాడు. "నాలుగింటి నుంచీ అదే పని. నేనొకసారి లేచి చూశా. మంచినీళ్ళు కూడా లోపల నిలవట్లా," అన్నాడు.

డబ్లిన్ శివారైన బ్లాంచర్డ్స్‌టౌన్‌లో వాళ్ళది మూడు గదుల అద్దె ఇల్లు. యెషయా మందుల గోడౌనులో పని చేస్తాడు. లీలారాణి పెద్దవాళ్ళను చూసుకునే ఒక నర్సింగ్ హోములో తొమ్మిదేళ్ళుగా కేరర్, వాళ్ళకు తినిపించడం, ఒళ్ళు తుడవడం ఆమె పని. యెషయా చెల్లెలు శాంత నాలుగు నెలల కిందట అక్కడే చేరింది. చీరాలలో నర్సుగా చేసిన మనిషి. ఇక్కడ నర్సు రిజిస్ట్రేషన్ కాగితాలు తేలేదాకా కేరర్ పని తప్పదు. ఆమె భర్త శ్యాం, ఆరేళ్ళ కొడుకు ప్రెయిస్ చీరాలలోనే ఉన్నారు. ఏడాదిపాటు ఉద్యోగం సవ్యంగా నడిస్తే వాళ్ళను పిలిపించుకోవడానికి అర్జీ పెట్టుకోవచ్చు. ఇంట్లో అందరికీ ఆ ఏడాది మీదే కన్ను.

శాంతకు ఆ ఉద్యోగం వచ్చేలా చేసింది లీలారాణే. "మా ఇంటి మనిషి, పనికి వెనకాడదు," అని మేనేజరు నోరాకి తను మాట ఇచ్చింది. అందుకే చేతులు కడుక్కుని మెట్లెక్కుతున్నప్పుడు ఆమెకు ముందు జాలి కలిగింది, ఆ వెనకే గాభరా కలిగింది.

శాంత బాత్రూములో నేలమీదే గోడకి ఆనుకుని కూర్చుంది. మొహం పాలిపోయి ఉంది.

"ఏం తిన్నావే నిన్న?"

"నువ్వు పెట్టిందే తిన్నా వదినా. తిండి కాదిది. ఆదివారం చర్చిలో ఇద్దరు పిల్లలు వాంతులు చేసుకోలా? అదే అంటుకుంది."

లీలారాణి ఆమెను లేపి మంచం మీద పడుకోబెట్టింది. చేతులకు గ్లౌజులు తొడుక్కుని బాత్రూమంతా బ్లీచు వేసి కడిగింది. ఆ పని ఆమెకు కొత్త కాదు. ఎవరి వాంతి అయినా మొహం చిట్లించకుండా ఎత్తిపోయగలదు. అది అయ్యాక వంటింట్లోకి వచ్చి ఫోను తీసుకుంది.

వాళ్ళ నర్సింగ్ హోములో తెలుగువాళ్ళు ఆరుగురు. ఆ ఆరుగురికీ కలిపి 'మనోళ్ళ డ్యూటీలు' అని ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. ఎవరికి ఒంట్లో బాగోకపోయినా ఆఫీసుకు ఫోన్ చేయరు, గ్రూపులో పెడతారు. కుదిరినవాళ్ళు ఆ డ్యూటీకి వెళ్తారు, తర్వాత వీళ్ళు వాళ్ళ డ్యూటీ చేసిపెడతారు. ఆఫీసు కాగితాల్లో అది డ్యూటీ మార్పిడిగా ఉంటుంది తప్ప జబ్బు అనే మాట ఎక్కడా ఉండదు. ఈ పద్ధతి పెట్టింది లీలారాణి. వర్క్ పర్మిట్ మీద బతికేవాళ్ళ ఫైల్లో జబ్బు అనే మాట పడకూడదని ఆమె గట్టి నమ్మకం. తొమ్మిదేళ్ళలో తను ఒక్క రోజు కూడా జబ్బని మానలేదు. కొత్తగా వచ్చినవాళ్ళకి ఆ సంగతి ఆమే చెప్పేది.

ఇవాళ ఎవరూ ఖాళీగా లేరు. లక్ష్మీకాంతం ఆంటీ డ్యూటీలోనే ఉంటుంది. ఇద్దరు లీవు మీద ఊరెళ్ళారు. మిగిలింది జోజి. రాత్రి డ్యూటీ చేసి ఎనిమిదింటికి దిగుతాడు. అతనికే ఫోన్ చేసింది.

"తమ్ముడూ, శాంతకి బాలేదురా. ఎనిమిదింటి నుంచి రెండింటిదాకా దాని డ్యూటీ నువ్వుంటావా?"

అవతల నుంచి ఆవులింత వినపడింది. "సరే అక్కా, ఉంటాలే. నువ్వడిగితే కాదంటానా?"

"బంగారు కొండవి," అంటుండగా వెనక మెట్లు చప్పుడయ్యాయి. శాంత రెయిలింగ్ పట్టుకుని నిలబడి ఉంది.

"ఎవరికి వదినా ఫోను?"

"జోజికి. నీ డ్యూటీకి ఉంటానన్నాడు. పోయి పడుకో."

"జోజి రాత్రంతా డ్యూటీ చేశాడుగా. పన్నెండు గంటలు నిలబడినోణ్ణి ఇంకో ఆరు గంటలు నిలబెడతావా? ఆనక కారు తోలుకుంటా ఇంటికి పోవాల. ఎక్కడన్నా కునికితే?"

"కునకడులే. వయసులో ఉన్నోడు."

"వద్దు. నా బదులు ఎవరూ రావక్కర్లా. నేను ఆఫీసుకు చెప్తా."

"ఏమని చెప్తావ్?"

"ఉన్నదే చెప్తా. ఒంట్లో బాగోలేదని."

"శాంతా, నీకు తెలవదు. నాలుగు నెలలేగా అయింది నువ్వొచ్చి! చెయ్యొద్దు ఆ ఫోను," అని లీలారాణి రెండడుగులు ముందుకు వేసింది. శాంత అప్పటికే ఫోను చెవి దగ్గర పెట్టుకుంది. అవతల రాత్రి డ్యూటీ నర్సు పలికింది. శాంత ఇంగ్లీషులో, ఒక్కో మాటా సర్దుకుంటూ, తను వాంతులతో ఉన్నానని, ఇవాళ రాలేనని, డాక్టరుతో మాట్లాడి సర్టిఫికెట్ పంపుతానని చెప్పింది.

"గ్రాండ్, సరే, రాసుకుంటాను. పడుకో," అంది ఆ నర్సు. అంతే, నిమిషం కూడా పట్టలేదు.

ఫోను పెట్టేసి శాంత మళ్ళీ బాత్రూములోకి పరిగెత్తింది. ఇక ఉండక్కర్లేదని లీలారాణి జోజికి మెసేజ్ పెట్టింది.

"అయిపోయింది. తొమ్మిదేళ్ళుగా కాపాడుకొచ్చిన పేరు మీ చెల్లెలు ఒక్క నిమిషంలో ఊడ్చిపెట్టింది," అంది మొగుడితో.

"జబ్బు చేసినోళ్ళు జబ్బు చేసిందని చెప్తే పేరు పోద్దా?" అన్నాడు యెషయా కారు తాళాలు వెతుక్కుంటూ.

"మీరు నడవండి. మందుల పెట్టెలు మోసేవాళ్ళకి ఇయ్యి అర్థం కావు."

*

నర్సింగ్ హోములో కోటు విప్పేసరికే నోరా ఎదురొచ్చింది. యాభై దాటిన మనిషి, వేగంగా నడుస్తుంది, నడుస్తూనే మాట్లాడుతుంది. ఆ పొద్దున చేతిలో డ్యూటీల చార్టు ఉంది, మొహంలో చిరాకు ఉంది.

"లీలా, శాంతకు ఏమైంది? డైరీలో 'సిక్' అని ఒక్క ముక్క రాసి పెట్టారు. కడుపు సంబంధం కాదు కదా? అయితే ఇప్పుడే చెప్పు. కారిడార్ గదుల్లో అందరి విషయంలో జాగ్రత్త పడాలి."

నిజం లీలారాణి నాలుక చివరిదాకా వచ్చింది. వాంతులంటే ఆఖరి వాంతి తర్వాత రెండు రోజులు గుమ్మం తొక్కకూడదు, ఆ నియమం అక్కడ గోడమీదే అంటించి ఉంది. అంటే ఒకటి కాదు, మూడు నాలుగు డ్యూటీలు పోతాయి. ఫైల్లో అదంతా ఎక్కుతుంది. తనే ఇప్పించిన ఉద్యోగం, తనే సర్దాలి అనుకుంది.

"కడుపు కాదు, తలనొప్పి," అంది. "అప్పుడప్పుడూ వస్తుంది ఆమెకు. కొత్త కదా, భయపడి ఫోన్ చేసేసింది. రేపు పొద్దున వచ్చేస్తుంది. నాది పూచీ."

నోరా భుజాలు తేలికపడ్డాయి. "నువ్వు లేకపోతే నేనేమైపోదునో లీలా," అంటూ చార్టులో ఏదో రాసుకుంది. రాస్తూనే, తల ఎత్తకుండా, "ఆమె ఇంకా ప్రొబేషన్‌లోనే కదూ?" అంది.

"అవును," అంది లీలారాణి. ప్రొబేషన్ అనే ఆ ఒక్క మాట ఆరు గంటలపాటు ఆమె వెంటే తిరిగింది. ఇద్దరి పని ఒక్కతే చేసింది. ఎనభై తొమ్మిదేళ్ళ మిసెస్ డెలానీకి జావ తినిపిస్తున్నప్పుడు కూడా ఆ మాటే చెవిలో ఉంది. మిసెస్ డెలానీ చెంచా కోసం నోరు తెరిచి, లీలారాణి మర్చిపోయి చెయ్యి ఆపితే, మర్యాదగా ఎదురుచూసింది.

*

మూడింటికి బస్సు దిగి ఇంటికి వచ్చేసరికి శాంత సోఫాలో దుప్పటి కప్పుకుని కూర్చుంది. వాంతులు తగ్గినట్టున్నాయి. లీలారాణి బియ్యపు నూకతో పల్చగా గంజి కాచి, ఉప్పు వేసి, గ్లాసులో పోసి తెచ్చింది. శాంత రెండు గుక్కలు తాగింది.

"ఎట్టా ఉంది?"

"పదకొండింటి నుంచి వాంతి లేదు. నీరసమే."

"హమ్మయ్య. సాయంత్రానికి ఇంకాస్త తేరుకుంటావ్. రేపు పొద్దున ఏడుంపావుకి తయారుగా ఉండు. అన్నయ్య ఇద్దర్నీ దింపుతాడు."

శాంత గ్లాసు కింద పెట్టింది. "రేపా? రేపెట్టా వస్తా? పదకొండింటికి ఆఖరి వాంతి. రెండు రోజులంటే గురువారం పదకొండు. డాక్టరమ్మ ఫోన్‌లో మాట్లాడి సర్టిఫికెట్ కూడా పంపింది, శుక్రవారందాకా రావొద్దని." ఫోను తెరిచి చూపించింది. కడుపులో ఇన్ఫెక్షన్ అని స్పష్టంగా ఉంది. "నోరాకి పంపబోతుంటే నువ్వొచ్చావ్."

"ఆగు," అంది లీలారాణి. "పంపొద్దు."

"ఎందుకు?"

లీలారాణి కూర్చుంది, మళ్ళీ లేచింది. "నేను తలనొప్పని చెప్పాను."

"ఎవరికి?"

"నోరాకి. రేపు వస్తావని కూడా చెప్పా. నీ కోసమే చెప్పానే! ప్రొబేషనా అని అడిగిందావిడ, తెలుసా నీకు?"

శాంత వదిన మొహంలోకి చూసింది. "నేను నిజం చెప్పి ఫోన్ చేస్తే నువ్వెళ్ళి దాన్ని అబద్ధం చేశావా?"

"అబద్ధం కాదు, సర్దుబాటు."

"ఇప్పుడు ఈ సర్టిఫికెట్ పంపితే నువ్వు అబద్ధాలకోరువి. పంపకపోతే నేను దొంగని, చెప్పాపెట్టకుండా మానినదాన్ని. ఇదేనా సర్దుబాటు?"

అప్పుడే తలుపు తీసుకుని యెషయా, జాయ్ లోపలికి వచ్చారు. స్కూలు నుంచి కూతుర్ని ఎక్కించుకుని వచ్చాడతను. గుమ్మంలోనే ఇద్దరి మొహాలూ చూసి, "బాబోయ్, మేం ఇంకో రౌండు తిరిగొస్తాం," అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

"మీరే చెప్పండి మీ చెల్లెలికి! రెండు రోజులు ఓర్చుకుంటే ఏం పోద్ది? నేను జ్వరంతో వెళ్ళలా? నడుం పట్టేస్తే బెల్టు కట్టుకుని వెళ్ళలా? దీనికి కొడుకు రావాలని ఉంటే కదా!"

ఆ మాటకి శాంత దుప్పటి కొసను వేళ్ళతో మెలిపెట్టింది. మాట్లాడినప్పుడు గొంతు పెంచలేదు.

"ఉంది వదినా. రోజూ వీడియోలో చూపిస్తాడు వాడు, ఎన్ని పళ్ళు ఊడాయో. రావాలని ఉంది. కానీ రేపు నేనొస్తే పొద్దున్నే డెలానీ మామ్మకి అన్నం తినిపించాలి. ఈ చేత్తో. ఆ వయసులో ఈ వాంతులు పట్టుకుంటే రెండ్రోజులు కూడా తట్టుకోరు. చీరాల ఆస్పత్రిలో నేను చూశా. నా కొడుకుని తెచ్చుకోడానికి ఇంకొకరి అమ్మని..." అక్కడితో ఆపేసింది.

జాయ్ భుజం మీది సంచి దింపకుండానే ఫోన్‌లో ఏదో వెతికింది. పదహారేళ్ళ పిల్ల. శనివారాలు ఒక బట్టల దుకాణంలో పని చేస్తుంది. "మామ్, ఇట్ సేస్ హియర్," అని చదవడం మొదలుపెట్టింది. ప్రభుత్వం పెట్టిన పేజీయే. పదమూడు వారాలు పని చేసినవాళ్ళకి, డాక్టరు సర్టిఫికెట్ ఉంటే, ఏడాదికి అయిదు రోజులదాకా జబ్బు జీతం ఇవ్వాలి. మొత్తం జీతం కాదు, అందులో డెబ్భై శాతం, దానికీ ఒక పరిమితి. ఆ సెలవు వాడుకున్నందుకు యజమాని శిక్షించకూడదు. శిక్షిస్తే ఫిర్యాదు చేసుకోవచ్చు. "పర్మిట్ మీద ఉన్నా సరే. అత్తకు సిక్స్‌టీన్ వీక్స్ అయ్యాయి. షీ ఈజ్ గ్రాండ్, ఏం కాదు."

"చట్టం నీ ఫోన్‌లో ఉంటదమ్మా. డ్యూటీల చార్టు నోరా చేతిలో ఉంటది," అంది లీలారాణి. "ఎవరికి ఎన్ని డ్యూటీలు వెయ్యాలో చట్టం వచ్చి వెయ్యదు."

"యూ డోన్ట్ నో దట్, మామ్!"

"నాకు తెలుసు!" లీలారాణి అరిచింది. ఆ అరుపుకి తనే ఉలిక్కిపడింది. తర్వాత గొంతు దిగిపోయింది. "నాకు జరిగింది కాబట్టి తెలుసు. లిమరిక్‌లో."

యెషయా భార్య వైపు తిరిగాడు. "లిమరిక్‌లో ఏం జరిగింది? ఆ హోము మూతపడిందన్నావుగా?"

లీలారాణి కుర్చీ లాక్కుని కూర్చుంది. చెప్పడం మొదలుపెట్టాక ఆపలేదు. డబ్లిన్‌కి రాకముందు ఆ ఊళ్ళో చేసింది ఆమె మొదటి ఉద్యోగం. యెషయా, జాయ్ అప్పుడు చీరాలలో ఉన్నారు. అక్కడ చేరిన తొమ్మిదో నెలలో ఫ్లూ జ్వరం వచ్చింది. లేవలేక ఫోన్ చేసి మూడు రోజులు సెలవు అడిగింది. నాలుగో రోజు వెళ్ళేసరికి చార్టులో ఆమె పేరు వారానికి ఒక్క డ్యూటీలోనే ఉంది. తర్వాత నెల అదీ లేదు. పర్మిట్ రెన్యువల్ చెయ్యబోమన్నారు. ఎందుకని ఆమె అడగలేదు. ఎవరిని అడగాలో తెలియలేదు. చర్చివాళ్ళ సాయంతో డబ్లిన్‌లో ఈ ఉద్యోగం వెతుక్కుని, అంతా మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది.

"హోమేమీ మూతపడలా. ఇప్పటికీ ఉంది. జబ్బు పడి ఉద్యోగం పోగొట్టుకున్నానని మీకూ మీ అమ్మకీ ఎట్టా చెప్పను? అందుకని మూసేశారన్నా." ఆమె కూతురి వైపు చూసింది. "ఆరేళ్ళకి రావాల్సినదానివి. ఎనిమిదేళ్ళకి వచ్చావు. ఎయిర్‌పోర్టులో నాన్న కాళ్ళ వెనక దాక్కున్నావు, నేనెవరో అన్నట్టు. ఆ మూడు రోజులు జ్వరాన్ని ఓర్చుకుని ఉంటే..."

యెషయా తలుపు దగ్గరే నిలబడిపోయాడు. జాయ్ ఫోను జేబులో పెట్టుకుంది.

మాట్లాడింది శాంతే. "ఆ రెండేళ్ళు ఇది నా పక్కలోనే పడుకుంది వదినా. జ్వరమొస్తే నేనే తడిగుడ్డ వేశా. 'అత్తా, అమ్మ ఎందుకు రాదు' అని అడిగేది. అమ్మకి సెలవు దొరకలేదని చెప్పేదాన్ని. నిజంగా జరిగింది తెలిస్తే వేరే చెప్పేదాన్ని."

"ఏం చెప్పేదానివి?"

"అమ్మకి జబ్బు చేస్తే ఎవరో అన్యాయం చేశారని. తప్పు చేసింది వాళ్ళు వదినా. నువ్వేమో జ్వరం రావడమే నీ తప్పనుకున్నావ్. ఇన్నాళ్ళూ నీకు నువ్వే శిక్ష వేసుకుంటున్నావ్. జోజికీ వేస్తున్నావ్. ఇవాళ నాకూ వేశావ్."

లీలారాణి లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. కాసేపటికి గిన్నెలు కడుగుతున్న చప్పుడు వినిపించింది. యెషయా వెనకే వెళ్ళి, తుడిచే గుడ్డ తీసుకుని పక్కన నిలబడ్డాడు.

"నాతో అయినా చెప్పాల్సింది లీలా."

"చెప్తే ఏం చేసేవాళ్ళు? చీరాల నుంచి?"

"ఏమీ చెయ్యలేను. తెలిసేదిగా," అన్నాడతను. ఆమె ఇచ్చిన గిన్నెలు ఒక్కొక్కటే తుడిచి అలమరలో పెట్టాడు. ఆ సాయంత్రం ఎవరూ సర్టిఫికెట్ మాట ఎత్తలేదు. శాంత దాన్ని పంపనూ లేదు. "నువ్వే నోరాకి చెప్పు వదినా. రేపు పొద్దున్నదాకా ఆగుతా," అని మాత్రం అంది.

*

బుధవారం అయిదింటికి లీలారాణికి కడుపులో తిప్పినట్టయి మెలకువ వచ్చింది. భయం వల్లేమో అనుకుంది. బాత్రూముకి వెళ్ళేలోపే అది భయం కాదని తెలిసిపోయింది. రెండోసారి అయ్యాక సింకు పట్టుకుని నిలబడి, అద్దంలో తన మొహం చూసుకుంది. నిన్న శాంత మొహం ఎలా ఉందో అలాగే ఉంది.

మంచం మీద కూర్చుని ఆలోచించింది. దారి లేకపోలేదు. తన ఒక్కదాని గురించే చెప్పొచ్చు. ఈ జబ్బు తనతోనే మొదలైందనొచ్చు. శాంతది తలనొప్పే అని, తన నుంచి ఆమెకీ తర్వాత అంటుకుందని చెప్తే అబద్ధం అతికినట్టు సరిపోతుంది. ఎవరూ పట్టుకోలేరు. పట్టుకోలేరు గానీ, నిన్న ఆరు గంటలపాటు తను ఆ కారిడార్లో తిరిగింది. ఎవరెవరిని ముట్టుకుందో, ఎవరి నోటికి చెంచా అందించిందో ఒక్కొక్కరే గుర్తొచ్చారు. వాళ్ళను గమనించుకోవాలంటే అక్కడివాళ్ళకి తెలియాల్సింది నిజమే.

ఆరున్నరకి లీలారాణి నోరా మొబైల్‌కి చేసింది.

"లీలా? ఏమైంది ఇంత పొద్దున్నే?"

"నాకు ఒంట్లో బాగోలేదు. వాంతులు. ఇవాళ రాలేను," అంది. ఆ మూడు వాక్యాలు ఆమె ఇంగ్లీషులో లోపల పదిసార్లు అనుకుని ఉంది. మిగతావి అనుకోకుండానే వచ్చాయి. "నిన్న శాంతకు కూడా వాంతులే. ఆమె ఫోన్‌లో నిజమే చెప్పింది. తలనొప్పని నేను మీకు అబద్ధం చెప్పాను. ఆమె దగ్గర డాక్టరు సర్టిఫికెట్ ఉంది, ఇప్పుడు పంపుతుంది. శుక్రవారందాకా ఆమె రాకూడదు."

అవతల నోరా ఏదో తలుపు మూసిన చప్పుడైంది.

"నిన్న నేను నిన్ను సూటిగా అడిగాను, లీలా."

"అడిగారు."

"నువ్వు నిన్న మిసెస్ డెలానీకి తినిపించావు."

"అవును. ఆమెకి ఎలా ఉంది?"

"రాత్రి చూసినప్పుడు బాగానే ఉంది. ఇప్పుడు మళ్ళీ చూడమంటాను. కారిడార్‌లో ఉన్నవాళ్ళందరినీ చూడాలి." నోరా గొంతు గట్టిగానే ఉంది. "పర్వాలేదని నేను అనను, ఎందుకంటే ఇది చిన్న విషయం కాదు. ఇది రాసి పెట్టాలి. నువ్వు వచ్చాక కూర్చుని మాట్లాడాలి."

"సరే. కానీ శాంత ప్రొబేషన్..."

"ఆమె ఫోన్ చేసింది, సర్టిఫికెట్ తెచ్చుకుంది. చెయ్యాల్సింది చేసింది. దీనికీ ప్రొబేషన్‌కీ ముడి పెట్టే హక్కు నాకు లేదు." కాస్త ఆగింది. "నిన్న ఆ మాట అన్నాను కదూ. మనుషులు తక్కువై విసుగులో అన్నాను. అనకుండా ఉండాల్సింది. లీలా, ఆ డ్యూటీ మార్పిడులు... ఇన్నేళ్ళుగా నువ్వు కుదిర్చినవన్నీ ఇలాంటివేనా?"

"చాలావరకు," అంది లీలారాణి.

"నేనూ ఎప్పుడూ అడగలేదులే. అడగకపోతే నాకు సుఖంగా ఉండేది," అంది నోరా. "తొమ్మిదేళ్ళలో నీ దగ్గర నుంచి ఇలాంటి ఫోన్ రావడం ఇదే మొదటిసారి. ఒక్కసారి కూడా జబ్బు పడలేదా నువ్వు?"

ఫోను పెట్టేశాక కూడా ఆ ప్రశ్న గదిలోనే ఉండిపోయింది. పడింది. ఎన్నోసార్లు పడింది. మూడేళ్ళ కిందట చలికాలంలో దగ్గుతో, ఒళ్ళు కాలుతుండగా, రెండు మాత్రలు మింగి వారం రోజులు డ్యూటీ చేసింది. ఆ నెలలోనే తన కారిడార్లో ఇద్దరు పెద్దవాళ్ళు నెమ్ము చేరి పోయారు. ముసలివాళ్ళు, చలికాలం, పోతారు. దానికీ తన దగ్గుకీ సంబంధం ఉందని ఎవరూ అనలేదు. లేదని చెప్పగలవాళ్ళు కూడా ఎవరూ లేరు. ఆ వారం రోజులనే ఆమె కొత్తవాళ్ళకి గొప్పగా చెప్పుకుంటూ వచ్చింది.

లీలారాణి మొహం రెండు చేతుల్లో పెట్టుకుని ఏడ్చింది.

శాంత ఎప్పుడు వచ్చిందో, పక్కన కూర్చుని ఉంది. చేతిలో ఉప్పు, పంచదార కలిపిన నీళ్ళ గ్లాసు. వదిన వీపు మీద చెయ్యి వేసి, ఏడుపు తగ్గేదాకా అలాగే ఉంచింది.

"విన్నావా?" అంది లీలారాణి.

"గోడకవతలే ఉన్నా. ఇంగ్లీషు బానే మాట్లాడావ్, తడబడకుండా."

"ఎకసెక్కాలొద్దు. నిన్న నీ కొడుకు పేరెత్తి అట్టా అన్నా..."

"అన్నావ్. నాకు గుర్తుంటుంది," అంది శాంత. "ఫోన్ చేశావు. అది కూడా గుర్తుంటుంది. రెండు గుక్కలు తాగు. ఒకేసారి తాగితే మళ్ళీ బయటికి వచ్చుద్ది."

లీలారాణి తాగింది. దిండు పక్కన ఫోను కుయ్యిమంది. రాత్రి డ్యూటీలో ఉండగా సంగతి తెలిసిన జోజి గ్రూపులో, "అక్కా, మీ ఇద్దరి డ్యూటీలకి ఎవరు వెళ్ళాలి? నేను రానా?" అని అడుగుతున్నాడు. ఆమె పడుకునే, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ రాసింది. "ఎవరూ వెళ్ళొద్దు. నేను ఆఫీసుకే చెప్పా. ఇక మీదట ఎవరికి బాగోకపోయినా ముందు ఆఫీసుకే ఫోన్ చెయ్యండి. నువ్వు ఇంటికెళ్ళి నిద్రపో."

జాయ్ స్కూలు బట్టల్లో గుమ్మం దగ్గర నిలబడింది. దగ్గరికి రాబోతే శాంత చెయ్యెత్తి ఆపింది, అంటుకుంటుందని. జాయ్ అక్కడి నుంచే, "మామ్, జీపీ డాక్టరుకి నేను ఫోన్ చేస్తా. తొమ్మిదికి తెరుస్తారు," అంది. వెళ్ళబోయి మళ్ళీ ఆగింది. "ఎయిర్‌పోర్ట్‌లో... ఐ వాజ్ జస్ట్ షై, మామ్. నువ్వెవరో నాకు తెలుసు."

లీలారాణి తల ఊపింది.

పిల్ల మెట్లు దిగింది. కింద యెషయా కారు స్టార్టు చేశాడు. శాంత లేచి కిటికీ పరదా లాగింది. దుప్పటి వదిన భుజాలదాకా కప్పింది.

"డాక్టరమ్మ ఫోనొచ్చేదాకా కాస్త కన్ను మూసుకో. ఎన్నింటికి లేపను?"

లీలారాణి అప్పటికే కళ్ళు మూసుకుంది.

"లేపొద్దు," అంది.